పేరేమిటి చెప్మా!

మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉన్నది. ఉన్నదని చెప్పుకోవడమే గాని అదేమీ ఈ కాలపు సరుకు కాదు. 2016లో మా అబ్బాయి కొత్తది కొనుక్కుంటూ, పాతదాన్ని అవతల పారెయ్యడానికి మనసొప్పక, "నీకు పనికొస్తుందమ్మా" అంటూ తెచ్చి హాల్లో కిటికీ పక్కన ప్రతిష్ఠించాడు. తమకు అక్కర తీరిన వస్తువులన్నీ తల్లిదండ్రులకు పనికొస్తాయని పిల్లలకు ఒక నమ్మకం. నిజం చెప్పొద్దూ, అది నాకు పనికొచ్చింది కూడా. కరెంటు బిల్లు కడతాను, రైలు టిక్కెట్టు కొంటాను, మా చెల్లెలు పంపిన పెళ్ళి ఫొటోలు చూస్తాను. అది మొదటినుంచీ నెమ్మదస్తురాలే. నేనూ నెమ్మదస్తురాలినే. ఇద్దరికీ పొత్తు కుదిరింది.

అలాంటిది ఒక సోమవారంనాడు దానికి ఏం పుట్టిందో, ఉన్నపళంగా చతికిలబడింది. నొక్కిన మీట తాలూకు అక్షరం తెరమీదికి వచ్చేలోగా నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చాను. లోపలినుంచి ఎలక పప్పుడబ్బా కొరుకుతున్నట్టు ఒకటే గరగర.

"ఏమండీ, దీనికి జబ్బు చేసిందండీ!" అన్నాను.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు. పని చేసుకుంటోంది, చెయ్యనీ" అన్నారు మావారు, తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా.

అప్పుడు తెలిసింది సంగతి. ముందురోజు ఆదివారం మా మనవడు వచ్చి, "తాతయ్యా, ఇది నీ ఫొటోలన్నీ సర్దిపెడుతుంది" అని ఫొటోల ప్రోగ్రాము ఒకటి అందులో ఎక్కించి, ఫొటోలున్న చోటు దానికి చూపించి, నాలుగు పూతరేకులు తిని వెళ్ళిపోయాడు. వాడి పూతరేకులు ఆ రాత్రే అరిగిపోయి ఉంటాయి. కంప్యూటరు మింగిన ఫొటోలు మటుకు అరగలేదు.

ఇక్కడ మావారి ఉద్యోగం సంగతి చెప్పకపోతే మీకు కథ బోధపడదు. ఆయన సినిమాల్లో స్టిల్ ఫొటోగ్రాఫరు. 1971లో మద్రాసులో ఒక పెద్దాయన దగ్గర సహాయకుడుగా చేరారు. తెలుగు సినిమా కొంచెం కొంచెంగా హైదరాబాదు తరలివస్తుంటే ఆ వెనకే మేమూ పెట్టే బేడా సర్దుకుని 1984లో యూసుఫ్‌గూడ వచ్చి పడ్డాం. అప్పటికే ఇక్కడ సారథీ స్టూడియో 1950లనాటినుంచీ ఉంది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి', పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు సినిమా, తయారయింది అందులోనే. కొండల మీద అన్నపూర్ణ స్టూడియో 1976లో వచ్చింది. మా వీధికి అవతల కృష్ణానగర్. తెల్లవారకముందే అక్కడ రోడ్డు పక్కన ఆడా మగా గుంపులుగా నిలబడి కంపెనీ వ్యానుకోసం ఎదురుచూసేవారు, ఇప్పటికీ చూస్తారు. తెరమీద పెళ్ళిపందిట్లో కూర్చునేదీ, కోర్టులో వెనక బెంచీ నింపేదీ, పల్లె సెట్టులో బిందె చంకనెత్తుకుని నడిచిపోయేదీ వాళ్ళే. జూనియర్ ఆర్టిస్టులు అంటారు.

స్టిల్ ఫొటోగ్రాఫరు పని షాటు అయిపోయాక మొదలవుతుంది. "స్టిల్!" అని కేక వేస్తే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణంలోనే ఈయన టక్కున నొక్కాలి. ఆ బొమ్మలే పోస్టర్లకూ పత్రికలకూ వెళతాయి. రేపటి షాటులో బిందె కుడిచంకన ఉండాలా, ఎడమచంకన ఉండాలా అని తగువొస్తే తీర్పు చెప్పేవీ అవే. ఒక రోలుకు పన్నెండే బొమ్మలు. రోళ్ళు కంపెనీవి. ప్రతి బొమ్మకూ లెక్క చెప్పాలి.

కంపెనీలు తీసుకున్నవి తీసుకోగా మిగిలిన నెగెటివులు మా ఇంటి అటకమీద రేకుపెట్టెల్లో ఉండిపోయాయి. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి అందరం ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు మా అబ్బాయి ఒక స్కానరు కొనిచ్చాడు. ఈయన ఆ పెట్టెలు దింపి, ఒక్కొక్క నెగెటివూ మెత్తటి కుంచెతో తుడిచి కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. రెండేళ్ళు పట్టింది. 500 రోళ్ళు, 6,000 నెగెటివులు. వీటికి తోడు పిల్లలవీ మనవలవీ బారసాలలూ పుట్టినరోజులూ మరో 25,000. వెరసి 31,000 ఫొటోలు. ఎక్కించాం గాని, ఏది ఎక్కడుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఆ అడవిలోకి మా మనవడు ఈ ప్రోగ్రామును వదిలాడన్నమాట.

సోమవారం మధ్యాహ్నం మావారు నన్ను పిలిచారు. "ఇలా రావోయ్, చూడు. ఇది కాంటాక్టు షీటు వేసుకుంటోంది!"

చీకటి గది రోజులు ఎరుగనివారికోసం చెబుతున్నాను. రోలు కడిగాక పన్నెండు నెగెటివులనూ నాలుగు ముక్కలుగా కత్తిరించి, వరుసగా కాగితంమీద పరిచి, పైన అద్దం అదిమిపెట్టి ఒక్కసారి వెలుతురు చూపిస్తారు. పన్నెండు చిన్న బొమ్మలు ఒకే కాగితంమీద పడతాయి. అది కాంటాక్టు షీటు. దాన్ని భూతద్దంతో చూసి, కావలసినదానికి పెన్సిలుతో గుర్తుపెట్టి, ఆ ఒక్కటే పెద్దది చేస్తారు. ప్రతిసారీ నెగెటివు పైకి తియ్యక్కరలేదు. ఏ రోలు ఏ సినిమాదో, ఏ తేదీదో రాసుకునే రిజిస్టరు వేరే ఉంటుంది.

ఈ ప్రోగ్రాము చేసేదీ అచ్చంగా అదే. ఒక్కొక్క ఫొటోనూ తెరిచి చిన్న బొమ్మ తయారుచేసి ఒక పక్కన దాచుకుంటుంది. దాన్నే వీళ్ళు క్యాష్ అంటారు. క్యాష్ అంటే డబ్బు కాదట, దాపుడు సరుకట. ఏ ఫొటో ఎక్కడుంది, ఎప్పటిది, అందులో ఎవరున్నారు అన్నది వేరే పుస్తకంలో రాసుకుంటుంది. అది క్యాటలాగు. పెద్దరకం నెగెటివు ఒక్కొక్కటీ స్కానరులో దాదాపు 3 కోట్ల చుక్కలై కూర్చుంది. అన్ని చుక్కలూ చదివితేగాని ఒక చిన్న బొమ్మ రాదు. ఫొటోకు 3 సెకన్లు వేసుకున్నా, 31,000 ఫొటోలకు 93,000 సెకన్లు. అంటే దగ్గర దగ్గర 26 గంటలు. రాత్రయ్యేసరికి నేను అలవాటుకొద్దీ కంప్యూటరు ఆర్పేసేదాన్ని, పొద్దున మళ్ళీ మొదలుపెట్టేది. ఇంక తెమిలేదెప్పుడు?

ఇదిలా ఉండగా ఆ ప్రోగ్రాముకు ఇంకొక విద్య కూడా ఉంది. ఫొటోల్లో మొహాలు వెతికిపట్టుకుంటుంది. ఒకే మొహం ఎన్నిచోట్ల ఉంటే అన్నీ ఒక దగ్గర చేర్చి, కింద ఒక ఖాళీ గడి పెట్టి, "ఎవరు?" అని అడుగుతుంది. పోలిక పట్టగలదు గాని పేరు దానికేం తెలుసు? పేరు మనమే చెప్పాలి.

మావారు ముక్కుమీదికి కళ్ళజోడు జార్చుకుని చెప్పడం మొదలుపెట్టారు. హీరోల దగ్గరా హీరోయిన్ల దగ్గరా ఆగలేదు. "వీళ్ళ పేర్లు ఊరంతా చెబుతుంది. ఈ వెనక నుంచున్నవాళ్ళ పేర్లు నేను చెప్పకపోతే ఎవరు చెబుతారే?" అన్నారు. లైట్లబ్బాయిలు, మేకప్పువాళ్ళు, టీలు అందించేవాళ్ళు, గుంపులో జనం. ఒక్కొక్క మొహం చూడగానే నలభై ఏళ్ళనాటి పేరు ఆయన నాలుకమీదికి వచ్చేస్తూంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఆయనకిప్పుడు డెబ్బైయారేళ్ళు. పొద్దున వేసుకున్న మాత్ర వేసుకున్నారో లేదో నన్నడుగుతారు. అలాంటి మనిషి!

మంగళవారం మధ్యాహ్నం నేను వంటింట్లో ఇడ్లీపిండి రుబ్బుతున్నాను. హాల్లోంచి ఆయన సంతోషంగా ఒక కేక పెట్టారు. "ఏమోయ్, ఈవిడ పేరు దొరికింది! ఆ రోజు నీకు చెప్పానే, ప్రింటు అడిగిందని, ఆవిడే!" అని పేరు కూడా చెప్పారు. మిక్సీ గోలలో నాకు సగమే వినబడింది. "ఊఁ, ఊఁ" అన్నాను. ఊఁ అనడానికి వినక్కరలేదు గదా.

బుధవారం వచ్చింది. శుక్రవారంనాడు రాజమండ్రిలో మా చెల్లెలి మనవడి ఒడుగు. గురువారం రాత్రి రైలుకు తత్కాల్‌లో టిక్కెట్లు కొనాలి. ఏ.సి. పెట్టెలకు ఉదయం పదింటికి తెరుస్తారు. తొమ్మిదీ ముప్పావుకే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టి వచ్చి కూర్చున్నాను. పది కొట్టింది. మా ఇద్దరి పేర్లూ కొట్టాను. తెరమీద ఒక్క అక్షరమూ లేదు. పదీ రెండుకు నా పేరులో మొదటి సగం వచ్చింది. పదీ ఐదుకు ఆయన వయసు వచ్చింది. పదీ తొమ్మిదికి నేనెప్పుడో నొక్కిన మీటలన్నీ ఒక్కసారి మీదపడి ఆయన వయసు డెబ్బైయారు వేలయింది. నేను అది దిద్దుకునేసరికి టిక్కెట్లు హుళక్కి.

నాకు కోపం వచ్చింది. రాదా మరి? మా వీధి చివర జిరాక్సులూ అవీ తీసే కుర్రవాడొకడున్నాడు. వాడికి ఫోను చేశాను. "ఆంటీ, క్యాష్ ఎక్కువైపోయుంటుంది. ఆ ఫోల్డరు డిలీటు చేసెయ్యండి. ఏం కాదు" అన్నాడు. వాడి మాట వాడు చెప్పాడు. అందులో తప్పు లేదు. తప్పంతా నేను చేసిందే. ఆయన కూరగాయలకు వెళ్ళినప్పుడు ప్రోగ్రాము మూసేసి, దాని పేరున్న ఫోల్డరు వెతికి పట్టుకున్నాను. లోపల రెండు మూడు రకాలు కనిపించాయి. ఏది క్యాషో ఏది కాదో నాకేం తెలుసు? ఇల్లు ఊడ్చేటప్పుడు ధూళి ఏరుకుంటూ కూర్చుంటామా? మొత్తం ఫోల్డరు తీసేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండిపోయేది. ఇల్లాలి బుద్ధి గదా, చెత్తబుట్టకూడా ఖాళీ చేశాను.

కంప్యూటరు ఒక్కసారిగా తేలికపడ్డది. నేను పొంగిపోయాను.

సాయంత్రం ఆయన కూర్చుని ప్రోగ్రాము తెరిచారు. అది ముక్కూ మొహం ఎరగనట్టు, "మీ ఫొటోలు ఎక్కడున్నాయి?" అని మొదటికొచ్చింది. ఫొటోలకేం భయం లేదు, ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది రెండు రోజులపాటు ఆయన చెప్పిన పేర్లు. 143 మంది పేర్లు.

నేను చేసింది చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది. కాసేపు అలాగే కూర్చుని, "పోనీలే, మళ్ళీ చెబుతాను. ఎక్కడికి పోతాయి పేర్లు?" అని మళ్ళీ మొదటినుంచీ ఎక్కించడానికి పెట్టారు. ఈసారి రాత్రి ఆర్పవద్దన్నారు.

గురువారం పొద్దున మొహాలు రావడం మొదలయింది. ఆయన చెబుతూనే ఉన్నారు. పదకొండింటి వేళ హాల్లో నిశ్శబ్దమయింది. వెళ్ళి చూద్దును గదా, తెరమీద ఒకావిడ మొహం. కింద "ఎవరు?" అని గడి. ఆయన వేళ్ళు మీటలమీదే ఉన్నాయి, కదలడం లేదు.

"మొన్న చెప్పానే, నువ్వు విన్నావు గదా. ఏం పేరు చెప్పాను?" అన్నారు.

నేను ఏం చెప్పను? ఊఁ అన్నాను గాని విననే లేదు.

ఆవిడ కథ ఇది. 1987లో ఒక పల్లె సెట్టు. బిందెలతో నడిచివెళ్ళే ఆడవాళ్ళ వరసలో ఎడమనుంచి మూడో మనిషి. మధ్యాహ్నం భోజనాల వేళ ఈయన దగ్గరికి వచ్చి, "అన్నా, నాదొక్కతిదే ఒక ఫొటో తీస్తారా? ఊళ్ళో మా అమ్మకు పంపిస్తాను. సినిమాల్లో ఉన్నానంటే నమ్మడంలేదు" అన్నదట. కంపెనీ రోలు, లెక్క చెప్పాలి. అయినా పన్నెండో బొమ్మ ఆవిడకోసం తీశారు. "రేపు ప్రింటు తెచ్చిస్తా" అన్నారు. ఆ రేపు షూటింగు వేరేచోటికి మారింది. ఆవిడ ఏ వ్యానులో వెళ్ళిందో తెలియదు. నెగెటివు కవరుమీద "పల్లె సెట్టు, రోలు 4" అని మాత్రం ఉంది. ఆవిడ పేరు ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. మంగళవారంనాడు ఒక్కసారి పైకి వచ్చింది. క్యాటలాగులో రాసుకున్నారు. బుధవారం నేను ఊడ్చేశాను.

ఆ రాత్రి రాజమండ్రికి బస్సులో కూర్చునే వెళ్ళాం. ఆయన కిటికీ పక్కన కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. జపమేమో అనుకున్నాను. చెవొగ్గితే "అ... ఆ... అన్నపూర్ణ కాదు, ఆదిలక్ష్మి కాదు... ఇ... ఈ... ఈశ్వరి కాదు" అంటున్నారు. అక్షరమాల పట్టుకుని వెతుకుతున్నారు. సూర్యాపేట దాటేసరికి 'క' గుణింతంలో ఉన్నారు. ఒడుగులో పీటలమీద కూర్చున్న పిల్లవాడికి అక్షింతలు వేస్తూకూడా ఆయన ఏదో పేరు అనుకుంటూనే ఉన్నారు.

ఆదివారం తిరిగివచ్చేసరికి కంప్యూటరు ఇంకా గరగరమంటూనే ఉంది. మాదాపూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకుకు కబురుచేస్తే మెట్రో ఎక్కి వచ్చాడు. అంతా విని, "అత్తయ్యా, ఈ నాలుగు రోజులూ దీన్ని ఆర్పకుండా ఉంచారా?" అన్నాడు.

"ఆర్పవద్దన్నారు, ఆర్పలేదు."

"అయ్యో! అదే కొంప ముంచింది" అని, అప్పుడు విడమరచి చెప్పాడు. తీసేసిన ఫైలు తీసేసిన నిమిషాన చెరిగిపోదట. జాబితాలో పేరు మాత్రం కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుందట. దానిమీద మరొకటి రాసేదాకా పాతది అడుగున ఉంటుంది. ఆ పళంగా ఆపేసి ఉంటే, ఈ పాతరకం డిస్కులో వెతికి తీసే వీలుండేది. నాలుగు రోజులపాటు వేలకొద్దీ కొత్త చిన్న బొమ్మలు ఆ ఖాళీలోనే వచ్చి కూర్చున్నాయి. వాడు రాత్రి పదింటిదాకా కూర్చుని ఏదో తవ్వి తీశాడు. క్యాటలాగు తాలూకు ముక్క ఒకటి దొరికింది. తెరిస్తే తెరుచుకోలేదు.

నన్ను ఓదార్చడానికి కాబోలు, కంప్యూటరు ఎందుకు నత్తనడక నడిచిందో కూడా చెప్పాడు. "అత్తయ్యా, నీ వంటగట్టు ఎంతుంటుందో దీని మెమొరీ అంత. నాలుగు గిన్నెలు పట్టే గట్టుమీద పది గిన్నెల సరుకు పోసింది ఈ ప్రోగ్రాము. పట్టనివి అటకమీద పెట్టి, కావలసినప్పుడల్లా నిచ్చెన వేసుకుని ఎక్కి దింపుకుంటోంది. ఆ అటక ఏమిటంటే ఈ డిస్కు, నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్ళెం. చదివే ముల్లు కట్టంతా కలిపి ఒకే చేతికి ఉంటుంది. ఫొటో చదవడానికి ఒక మూలకు, చిన్న బొమ్మ రాయడానికి ఇంకో మూలకు, క్యాటలాగులో ఎక్కించడానికి మరో మూలకు ఆ చెయ్యే పరుగెత్తాలి. ఇది చాలదన్నట్టు వైరసుల కాపలావాడు ప్రతి ఫొటోనూ గుమ్మంలో ఆపి సోదా చేస్తాడు. ఇక నీ టిక్కెట్టు మాట ఎవరు వింటారు?"

నాలాంటివారు ఇంకెవరైనా ఉంటారని వాడు చెప్పిన జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను. క్యాష్ తీసేస్తే ప్రాణం పోదు గాని, ప్రోగ్రాము మళ్ళీ మొదటినుంచీ అన్ని బొమ్మలూ వేసుకుంటుంది; అంటే జబ్బు తిరగబెడుతుంది. క్యాటలాగు మటుకు ముట్టుకోకూడదు. దానికొక నకలు వేరే డిస్కులో ఉంచుకోవాలి. ఫొటోలన్నీ ఒక్కసారి దాని నోట్లో కుక్కక, ఏడాదికొక వాయి చొప్పున, రాత్రిపూట మనకు పనిలేనప్పుడు అప్పగించాలి. ఒకసారి ఎక్కించాక ఫొటోల ఫోల్డర్లు మన ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ జరిపితే అది తల్లితప్పిన పిల్లలా బిక్కమొహం వేస్తుంది. జరపాలంటే ఆ ప్రోగ్రాములోంచే జరపాలి. స్తోమతుంటే తిరిగే పళ్ళెమే లేని కొత్తరకం డిస్కు, ఎస్.ఎస్.డి. అంటారు, ఒకటి పెట్టించి క్యాటలాగూ క్యాషూ దానిలో ఉంచితే ఈ గరగరే ఉండదు.

ఆఖరిది అన్నిటికంటె ముఖ్యమైనది. పేర్లు క్యాటలాగులో మాత్రమే ఉంచకూడదు. ఫొటో ఫైలులోనే రాయించాలి. మావారు వెంటనే అందుకున్నారు. "అంటే ప్రింటు వెనక పెన్సిలుతో పేరు రాసినట్టు. రిజిస్టరు పోయినా పేరు బొమ్మతోనే ఉంటుంది." సరిగ్గా అంతే. 1965లో లండనులో వార్తా సంస్థలు కలిసి పెట్టుకున్న ఐ.పి.టి.సి. అనే మండలి ఒకటి ఉందట. ఫొటో ఫైలులోపల శీర్షిక, తీసినవారి పేరు, చోటు రాయడానికి గడులు ఏర్పాటు చేసింది వాళ్ళే. ఏ ప్రోగ్రాముతో రాసినా మరో ప్రోగ్రాము చదువుకుంటుంది. మరి ప్రోగ్రాములు శాశ్వతమా ఏమిటి? పికాసా అని ఇంటింటా ఉండేది, 2016లో గూగుల్‌వాళ్ళు దాన్ని ఆపేశారు. ఈ గడిలో రాయించమని ఒక టిక్కు పెడితే సరిపోయేది. ఆ టిక్కు మాకు తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

ఆ మర్నాటినుంచీ మా ఇల్లు స్టూడియో అయింది. మావారు ఫోన్లు చేసి పాత స్నేహితులను పిలిపించారు. ఒక మేకప్పాయన వచ్చాడు, ఎనభై దాటాయి, చెయ్యి వణుకుతుంది గాని మొహం మరవడు. కృష్ణానగర్‌నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకప్పుడు డాన్సుల్లో వెనకవరసలో ఉండేవారు. ఇప్పుడొకరు టిఫిను బండి నడుపుతున్నారు, ఒకరు మనవల్ని చూసుకుంటున్నారు. తమ పడుచుదనం తెరమీద చూసుకుని ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. కొన్ని మొహాల దగ్గర నవ్వు ఆగిపోయేది. "ఇది పోయిందన్నా" అనేవారు మెల్లగా, పేరు చెప్పి. నేను అందరికీ టీలు ఇస్తూ, ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి పేరూ రాశాను. ఈసారి మిక్సీ వెయ్యలేదు.

నెల తిరిగేసరికి 131 పేర్లు దొరికాయి. అన్నీ ఫైళ్ళలోనే రాయించాం. మొదట 143 ఉండేవి గదా, ఇంకా పన్నెండు తక్కువ. ఆ పన్నెండుగురిలో పదకొండుగురు ఎవరో మావారికి తెలియను కూడా తెలియదు. చెప్పిన సంగతే మరిచిపోయారు. మరిచిపోయానని గుర్తున్నది ఒక్కరినే. ఎడమనుంచి మూడో మనిషిని.

వచ్చినవాళ్ళందరికీ ఆ బొమ్మ చూపించాం. మేకప్పాయన, "మొహం తెలుసు, మనిషి తెలుసు, నవ్వితే బుగ్గమీద సొట్ట పడేది" అన్నాడు. పేరు రాలేదు. టిఫిను బండి ఆవిడ, "మాతోపాటు ఒక్క ఏడే ఉంది. తరవాత ఊరెళ్ళిపోయిందనుకుంటా" అన్నది. ఏ ఊరో తెలియదు.

కంప్యూటరులో మా తమ్ముడి కొడుకు కొత్త డిస్కు పెట్టాడు. ఇప్పుడు మీట నొక్కీ నొక్కకముందే అక్షరం పడుతోంది. మొన్న టిక్కెట్లుకూడా పదీ ఒకటికల్లా దొరికాయి. నాకు దాంతో ఏ పేచీ లేదు. ఎప్పుడన్నా ఆ ప్రోగ్రాము తెరిస్తే మటుకు ఆవిడ మొహం ముందొచ్చి నిలుస్తుంది, కింద అదే గడితో. "ఎవరు?" అని అది అడిగితే నన్నే అడిగినట్టుంటుంది.

మావారు ఆ పన్నెండో బొమ్మను ఫొటో స్టూడియోలో ఇచ్చి మంచి కాగితంమీద ప్రింటు వేయించారు. వెనక పెన్సిలుతో "1987, పల్లె సెట్టు, రోలు 4" అని రాశారు. పేరుకోసం పైన ఒక గీత ఖాళీగా వదిలారు. రోజూ తెల్లవారుజామున లేచి, దాన్ని కవరులో పెట్టి చొక్కాజేబులో వేసుకుని కృష్ణానగర్ వెళుతున్నారు. వ్యానుకోసం నిలబడ్డవాళ్ళలో కాస్త వయసు మళ్ళినవారెవరైనా కనిపిస్తే ఆపి చూపిస్తున్నారు. ప్రింటు ఇస్తానని మాట ఇచ్చాను గదా, ఇవ్వాలి అంటారు.

ఇందాకే చెప్పులు తొడుక్కుని వెళ్ళారు. ఇవాళ చినుకులు పడుతున్నాయి, గొడుగు తీసుకెళ్ళమన్నాను. తనకోసం అక్కరలేదుగాని కవరు తడుస్తుందని తీసుకున్నారు.